చిక్కుడు కొత్త కాకముందు

మొన్న ఆదివారం సంతలో తోపుడుబండి ఆయన చిక్కుడుకాయ ఒకటి పుటుక్కున విరిచి నా ముక్కు దగ్గర పెట్టాడు. "లేత కాయలమ్మా, పొద్దున కోసినవే, చూడండి" అన్నాడు. నేను రెండడుగులు వెనక్కి వేశాను. పక్కనున్న మా అమ్మాయి పకపకా నవ్వింది. బల్లికీ బొద్దింకకూ భయపడని తల్లి చిక్కుడుకాయకు భయపడుతుందని దానికి ఎప్పుడూ వేళాకోళమే. వంకాయలు తూయించుకుని ఇంటికి వచ్చాం.

అది భయం కాదని దానికి చెప్పలేదు. ఇప్పుడు దానికెంత వయసో అప్పుడు నాకూ అంతే. పన్నెండేళ్ళు. ఒక చలికాలంలో శని, ఆదివారాలు పట్నం పోయి వచ్చాను. ఆ రెండు రోజులు తలుచుకుంటే ఈనాటికీ నాకు చెవులు వేడెక్కుతాయి. పిల్ల ముఖం చూస్తూ చెప్పే ధైర్యం లేదు కాబట్టి రాస్తున్నాను.

భద్రాచలం దగ్గర గోదావరి దాటి, చర్ల దారి పట్టి, ఆ దారి కూడా వదిలేసి అడవిలోకి పోతే వచ్చే గూడేల్లో మాది ఒకటి. ముప్పై గడపలు. అందరం కోయవాళ్ళమే. ఇంట్లో మా మాట మాట్లాడుకునేవాళ్ళం. ఆ మాటలనే ఇక్కడ తెలుగులో పెడుతున్నాను. పోడు చేలల్లో జొన్నలు, కందులు, వాగు పక్కన కాస్త వరి. ఎండాకాలం ఇప్పపువ్వు ఏరేవాళ్ళం, ఆ తర్వాత తునికాకు కోసేవాళ్ళం. ఇప్పపువ్వు ఎండబోసినప్పుడు గూడెమంతా తియ్యటి మత్తువాసన వేసేది. ఆ వాసనకు అలవాటైన ముక్కుకు బయట ఏదీ వాసనగా ఆనదు.

మా గూడెంలో ఒక కట్టు ఉంది. ఏ పంటయినా చేతికి రాగానే తినెయ్యరు. ముందు ఊరి దేవతకు పెట్టాలి. దాన్నే 'కొత్త' చెయ్యడం అంటారు. మామిడికాయకు ఒక కొత్త, వడ్లకు ఒక కొత్త, చిక్కుడుకు ఒక కొత్త. చిక్కుడు కొత్త పుష్యమాసంలో వస్తుంది. పెద్దలు కూర్చుని రోజు చెప్పేదాకా చిక్కుడు నోట పెట్టకూడదు. తీగ ఇంటి కప్పు మీదికి పాకి, కాయలు వాసాల దగ్గర గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటే, వాటి కిందే కూర్చుని జొన్న అన్నంలో వట్టి చింతపులుసు పోసుకుని జుర్రుకునేవాళ్ళం. కళ్ళు మాత్రం పైనే ఉండేవి.

పిల్లలం ఊరికే ఉంటామా? కాయ ఒలిచి గింజ నాలుక మీద పెట్టుకుని, కాసేపు చప్పరించి ఉమ్మేసేవాళ్ళం. మింగలేదు కదా, తిన్నట్టు కాదు కదా అని మా వాదన. ఒకరోజు మా నాయనమ్మ నన్ను చెయ్యి పట్టి గుంజి, "ఏదీ, నోరు తెరువు" అంది. తెరిచాను. ముక్కు దగ్గర పెట్టి వాసన చూసింది.

"మనింటి కాయ కాదిది. చిన్నదాని దడి మీద నల్లగింజ కాయ" అంది.

చిన్నది అంటే మా చిన్న నాయనమ్మ, తాత తమ్ముడి భార్య. నేను నోరెళ్ళబెట్టాను. అప్పటికి ఉమ్మేసి గంటయింది. మా నాయనమ్మ ముక్కూ నాలుకా అలాంటివి. పువ్వు చూసి కాయ ఎంత కండ పడుతుందో చెప్పేది. కూర వాసన చూసి ఏ కట్టెతో వండారో చెప్పేది. ఈ సంగతి గుర్తుండాలి, ముందు ముందు కావాలి. నాకు మాత్రం గుర్తుండాల్సిన రోజున గుర్తులేదు.

కొత్త రోజున కొత్తకుండ పొయ్యి మీద పెట్టాక, అందులో మొదటి పిడికెడు చిక్కుళ్ళు వేసే చెయ్యి మా నాయనమ్మది. కోడలిగా ఆ గూడేనికి వచ్చిన నాలుగో ఏడు నుంచీ ఆమే వేసేది. ఆ పని చేసేవాళ్ళు కొత్తకు ముందు చిక్కుడు ముట్టకూడదు. మిగతావాళ్ళు పొరపాటున తిన్నా ఒక కొబ్బరికాయతో పోతుంది. ఆమెకు అలా కాదు. ఆమెకు నగా నట్రా లేవు. పొలం ఆమె పేరున లేదు. ఆ పిడికెడు చిక్కుళ్ళే ఆమెకున్న పెద్దరికం. ఆ రోజు తలకు నూనె రాసుకుని, నీళ్ళకాగులో ముఖం చూసుకుని మరీ బయల్దేరేది.

నేను ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉండి చదివేదాన్ని. అక్కడ చలి మొదలైతే చాలు, వారానికి మూడు రోజులు చిక్కుడుకాయ కూరే. మొదటి ఏడు తినకుండా పస్తున్నాను. సెలవుకు వచ్చినప్పుడు నా డొక్కలు చూసి నాయనమ్మ విషయం లాగింది.

"బడిపిల్లలకు తప్పు లేదు బిడ్డా. ఆకలికి ఏది పెడితే అది తినాలె. తిను. నాకు మాత్రం చెప్పకు" అంది.

అలా నాకు సడలింపు ఇచ్చిన మనిషి ఆమె.

ఆ ఏడు పుష్యమాసం ఇంకా రాకముందే భద్రాచలం నుంచి గిరిజన సంక్షేమ ఆఫీసు సారు మోటారుసైకిల్ మీద వచ్చాడు. పట్నంలో చలికాలం పండుగ జరుగుతోందట. అన్ని జిల్లాల నుంచీ ఆటలూ, వంటలూ, చేతిపనులూ. మా గూడెం కొమ్ము ఆట బాగుంటుందని ఎవరో చెప్పారట. మగవాళ్ళు అడవిదున్న కొమ్ములు తలకు కట్టుకుని డోళ్ళు కొడుతూ ఆడతారు. ఆడవాళ్ళు గజ్జెలు కట్టుకుని, ఇనుప కర్రలు నేలకు కొడుతూ అడుగు వేస్తారు. పెళ్ళిళ్ళకూ పండుగలకూ ఆడే ఆట అది.

"రెండు రోజులే. శనివారం, ఆదివారం. బండి మేమే పంపుతం. తిండీ, ఉండుడూ అన్నీ వాళ్ళవే" అన్నాడు సారు.

మా పెద్దయ్య, అంటే మా నాన్నకు అన్న వరస, గూడేనికి పూజారి, డోలు పట్టడంలో మొనగాడు. ఆయన గడ్డం గోక్కుని, "చిక్కుడు కొత్త ఇంకా కాలేదు సారూ, పది రోజులున్నది" అన్నాడు.

"కొత్తకు పది రోజులున్నదంటివి. ఆదివారం రాత్రి ఎక్కితే సోమవారం ఇంటికాడ ఉంటరు. ఏందయ్యా నీ భయం?"

ఆటకు పదహారు మంది తేలారు. నేను ఆ లెక్కలో లేను. నాయనమ్మే పట్టుబట్టింది. "బోర్డులు సదివేటోళ్ళు, వాళ్ళ మాట మనకు చెప్పేటోళ్ళు ఒకరుండాలె గదా. నా మనుమరాలు బళ్ళె ఫస్టు" అంది. నేను ఫస్టు కాదు, ఏడో నంబరు. ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు.

శుక్రవారం సాయంత్రం బండి ఎక్కాం. కొమ్ములూ డోళ్ళూ పైన టార్పాలిను కింద. దారిలో పోలీసు క్యాంపు దగ్గర ఆపారు. డోలులో ఏముందని ఒక జవాను అడిగాడు. "గాలి ఉన్నది సారూ" అన్నాడు పెద్దయ్య. ఆయన వెటకారానికి అనలేదు, నిజమే చెప్పాడు. జవానుకు కోపం వచ్చి కొట్టి చూపించమన్నాడు. పెద్దయ్య రోడ్డు మీదే నిలబడి ఒక దరువు వేశాడు. ఇంకో జవాను తల ఊపుతూ నిలబడిపోయాడు. ఇంకో దరువు వెయ్యమని అడిగి, అదీ విన్నాకే పంపారు.

పాల్వంచ దాటేసరికి ఆడవాళ్ళంతా కిటికీల్లోంచి వాంతులు. డీజిలు వాసన, నిమ్మకాయ వాసన, కట్టుకొచ్చిన జొన్నరొట్టెల వాసన కలిసిపోయాయి. నాయనమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. అంతకుముందు ఆమె భద్రాచలం దాటి ఎరగదు.

పట్నం తెల్లవారుజామున మంచులో కనిపించింది. పండుగ జరిగే మైదానం మా గూడేనికి పదింతలు ఉంది. రంగుల గుడ్డల పందిళ్ళు, ఆకాశంలో పతంగులు, మూల మీద పెద్ద రంగులరాట్నం. మిర్చిబజ్జీల నూనె వాసన, ఇరానీ చాయ్ వాసన. నాకు కాళ్ళు నేలమీద ఆగలేదు. నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని, కనిపించిన ప్రతిదీ అడిగింది. "అదేంది? ఆ మనిషి ఎందుకు అరుస్తుండు? ఇంతమందికి నీళ్ళు యాడికెల్లి వస్తున్నయి?" మొదట్లో చెప్పాను. తర్వాత ఆమె గొంతు పెద్దదని, అందరూ మావైపే చూస్తున్నారని అనిపించడం మొదలైంది. నడుస్తూ నడుస్తూ, కాళ్ళు లాగితే ఉన్నచోటే నేలమీద కూర్చునేది. జనం ఆమెను తప్పుకుని పోయేవాళ్ళు. నేను కాస్త దూరంగా నిలబడి, పతంగులు చూస్తున్నట్టు నటించాను.

ఆ రోజు ఆట అదిరింది. జనం ఈలలు వేశారు. ఆట అయ్యాక, మమ్మల్ని చూసుకోవడానికి పెట్టిన కాలేజీ అక్క ఒకామె నా దగ్గరకు వచ్చింది. జీన్సు ప్యాంటు, మెడలో బిళ్ళ, చేతికి గడియారం. నాతో మాట్లాడి ఆశ్చర్యపోయింది.

"నీ తెలుగు ఎంత బాగుందో! నువ్వసలు వీళ్ళలా కనిపించవు తెలుసా?"

ఆ మాటకు నాకు ఒళ్ళు పొంగింది. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుతో చస్తున్నాను గానీ, ఆ క్షణంలో దాన్ని మించిన పొగడ్త లేదనుకున్నాను. అక్క తన జుట్టులోంచి ఎర్ర క్లిప్పు తీసి నాకు పెట్టింది. రంగులరాట్నం రెండుసార్లు ఎక్కించింది. పైకి పోయినప్పుడు కిందికి చూస్తే, మా వాళ్ళు పదహారు మంది ఒక మూల గుంపుగా ఒదిగి కూర్చుని చీమల్లా కనిపించారు. అక్క చెయ్యి ఊపమంది. నేను ఊపలేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర గొడవ మొదలైంది. వరసగా కూర్చోబెట్టి వడ్డించారు. అన్నం, పప్పు, చిక్కుడుకాయ టమాటా కూర. కూర చూడగానే పెద్దయ్య ప్లేటు పక్కకు జరిపాడు. ఆయన్ను చూసి అందరూ జరిపారు. వడ్డించేవాడికి అర్థం కాలేదు. వంటాయన వచ్చాడు. పండుగ పనులు చూసే మేడం వచ్చింది.

"ఏంటి, వంట నచ్చలేదా? పొద్దుట్నుంచీ మీకోసమే చేయించాం కదా!" అంది మేడం, మొహం చిన్నబుచ్చుకుని.

పెద్దయ్యకు తెలుగు వచ్చు గానీ, అంతమంది ముందు నోరు పెగల్లేదు. "కొత్త గాలె" అని రెండుసార్లు అన్నాడు. వాళ్ళకేం తెలుస్తుంది? మా సారు ఉరుక్కుంటూ వచ్చి మా వాళ్ళనే కసురుకున్నాడు. "గిట్ల చేస్తే మళ్ళ మిమ్ముల ఎవడన్న పిలుస్తడా? ఇజ్జత్ తీస్తున్నరు గదా!"

కాలేజీ అక్క నా భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అడిగింది. "ఏమైంది? ఎందుకు తినట్లేదు?"

నాకు తెలుసు. చక్కగా చెప్పగలను. దేవతకు పెట్టకుండా కొత్త పంట తినం అక్కా, అంటే చాలు. దానికే కదా నన్ను తీసుకొచ్చారు. నేను భుజాలు ఎగరేసి, "వాళ్ళంతే" అన్నాను.

మేము అనలేదు. వాళ్ళు అన్నాను. నాయనమ్మ రెండు చేతుల దూరంలో కూర్చుని ఉంది. చివరకు మా వాళ్ళు మజ్జిగా పచ్చడీ వేయించుకుని తిన్నారు.

మర్నాడు ఆదివారం. పెద్ద పెద్ద అతిథులు వచ్చారు, ఫోటోలు తీసేవాళ్ళు వచ్చారు. మా ఆట అయ్యాక, అతిథుల్లో ఒక పెద్ద మేడం మా నాయనమ్మను చూసి ముచ్చటపడింది. ఆమె చెవుల గంటీలు, చేతుల మీది పచ్చబొట్లు, ముడతల ముఖం. "ఈ అమ్మ నాతో పాటు కూర్చుని భోంచెయ్యాలి" అంది. మాట చెప్పడానికి నన్నూ రమ్మన్నారు. మిగిలినవాళ్ళకు అవతలి పందిట్లో అన్నం, మజ్జిగ. ముందురోజు గొడవ తర్వాత వాళ్ళకు కూర వడ్డించే జోలికే ఎవరూ పోలేదు.

అతిథుల పందిట్లో తెల్లగుడ్డలు పరిచిన బల్లలు. నాయనమ్మ జీవితంలో మొదటిసారి కుర్చీలో కూర్చుని తినబోతోంది. కాళ్ళు పైకి పెట్టుకోబోతే నేను మోకాలి మీద తట్టి దించాను. ఎదురుగా కాలేజీ అక్క నిలబడి నన్నే చూస్తూ నవ్వుతోంది. మా సారు అతిథుల వెనక చేతులు కట్టుకుని నిలబడి, కళ్ళతోనే నన్ను హెచ్చరిస్తున్నాడు. పెద్ద మేడం స్వయంగా గరిటె అందుకుని నాయనమ్మ ప్లేట్లో బగారన్నం వేసింది. దాని మీద కుర్మా పోసింది. జీడిపప్పు, బంగాళాదుంప, మసాలా, చిక్కటి ఎర్రటి పులుసు. ఆ పులుసులో తొక్క తీసిన చిక్కుడు గింజలు. నేను చూశాను. హాస్టల్లో మూడేళ్ళుగా తింటున్నదాన్ని, నాకు తెలియకపోవడమేమిటి?

నాయనమ్మ నావైపు వంగి మా మాటలో అడిగింది. "ఇండ్ల చిక్కుడు ఉన్నదా బిడ్డా? సూసి చెప్పు. నాకు కండ్లు సరిగ ఆనుతలేవు."

ఉంది అని ఒక్క మాట చెప్తే అయిపోయేది. ఆమె చేతులు జోడించి వద్దనేది. మళ్ళీ ముందురోజు లాగే అవుతుంది. పెద్ద మేడం ముఖం మాడుతుంది. సారు తిడతాడు. అన్నిటికన్నా, అక్క నన్ను కూడా వాళ్ళలో కలిపేస్తుంది. ఈ ఆలోచనలన్నీ లెక్క పెట్టుకుని చేశానని చెప్పను. కానీ తెలియక మాత్రం చెయ్యలేదు.

"లేదు. తిను" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఒక్క క్షణం దవడ ఆగింది. తర్వాత మెల్లగా నమిలి మింగింది. ఇంకో ముద్ద తింది. ప్లేటు ఖాళీ అయ్యేదాకా తింది. పెద్ద మేడం "బాగుందా అమ్మా?" అంటే, తల ఊపి, తెలుగులో "మంచిగున్నది తల్లీ" అంది. ఫోటోలు తీశారు. మసాలాలో ముసలిదానికేం తెలుస్తుందిలే అని నేను ఊపిరి పీల్చుకున్నాను. అక్క నాకు వెళ్తూ వెళ్తూ మిఠాయి పొట్లం ఇచ్చింది.

చెయ్యి కడుక్కునే చోట నాయనమ్మ చాలాసేపు నోరు పుక్కిలించింది. మసాలా మంటేమో అనుకున్నాను. తిరుగు ప్రయాణంలో ఆమె మామూలుగానే ఉంది. తన దుప్పటి నాకూ కప్పింది. వేయించిన పల్లీలు ఒలిచి నా చేతిలో పోసింది. నేను ఎర్ర క్లిప్పు పోతుందేమోనని చేత్తో పట్టుకుని పడుకున్నాను.

కొత్తకు హాస్టల్లో సెలవు చెప్పి ఇంటికి వచ్చాను. పొద్దున్నే ఊరి బయట దేవత రాళ్ళ దగ్గర అందరం చేరాం. మంచు ఇంకా పోలేదు. ఇంటికో బుట్ట చిక్కుళ్ళు తెచ్చారు. మూడు రాళ్ళ పొయ్యి మీద కొత్తకుండ, అందులో నీళ్ళు మరుగుతున్నాయి. మొదటి పిడికెడు వెయ్యకముందు పూజారి ఒక మాట అడుగుతాడు. ఏటేటా అడిగేదే.

"కొత్తకు ముందు ఎవరన్న ముట్టిన్రా? ఉంటే ఇప్పుడే చెప్పాలె."

అది మాకు నవ్వులాటగా ఉండేది. ఎవడో ఒక పిల్లవాడు తల గోక్కుంటూ లేచేవాడు. వాళ్ళమ్మ నెత్తిన మొట్టి కొబ్బరికాయ ఇచ్చేది. ఆ ఏడు కూడా ఒకడు లేచాడు, అందరూ నవ్వారు. నవ్వు ఆగకముందే మా నాయనమ్మ లేచి నిలబడింది. తలకు నూనె రాసుకోలేదని అప్పుడు చూశాను.

"నేను తిన్న" అంది.

చిన్న నాయనమ్మ ముందు నవ్వేసింది, పరాచికమనుకుని. పెద్దయ్య నవ్వలేదు.

"ఎప్పుడు? యాడ?"

"పట్నంల."

ఇక్కడ ఇంకో కట్టు చెప్పాలి. తెలియక తింటే, పసుపునీళ్ళు చల్లి శుద్ధి చేస్తారు. ఆ చెయ్యి మళ్ళీ కుండ ముట్టొచ్చు. కానీ, తినిపించిందెవరో తేల్చి, తప్పు వాళ్ళ మీద వేస్తారు. వాళ్ళు అందరి ముందూ నిలబడి ఒప్పుకోవాలి. తెలిసి తింటే శుద్ధి లేదు. ఆ చెయ్యి ఇంకెప్పుడూ కొత్తకుండ ముట్టదు.

"ఎరుకుండి తిన్నవా చిన్నమ్మా, ఎరుక లేక తిన్నవా?" అని పెద్దయ్య అడిగాడు. గొంతులో బతిమాలుకోలు ఉంది. 'ఎరుక లేక' అనమని అడుగుతున్నట్టే ఉంది.

ఆ బల్ల దగ్గర ఆమె పక్కన ఉన్నది నేనొక్కదాన్నే అని అందరికీ తెలుసు. ఎరుక లేక అంటే, ఆ తర్వాతి ప్రశ్న నాదే. నేను మా అమ్మ వెనక తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. లేవాలి. లేచి, నేనే లేదన్నాను అని చెప్పాలి. జుట్టులో ఎర్ర క్లిప్పు పెట్టుకుని వచ్చాను ఆ రోజు, అందరికీ చూపించుకుందామని. నాయనమ్మ నావైపు చూస్తుందని భయపడ్డాను. ఆమె చూడలేదు.

"ఎరుకుండే తిన్న" అంది.

కుండలో నీళ్ళ చప్పుడు వినిపించింది. పెద్దయ్య తల వంచుకునే చిన్న నాయనమ్మను పిలిచాడు. ఆమె వచ్చి, రెండుసార్లు కింద పోసుకుని, మొదటి పిడికెడు వేసింది. ఆ తర్వాత గూడెంలో ఒకటే గుసగుసలు. పట్నం కూడు చూసి ముసల్ది ఆగలేకపోయిందన్నారు. కుర్చీలో కూర్చోబెట్టేసరికి కట్టు మరిచిందన్నారు. నా చెవులతోనే విన్నాను. నోరు విప్పలేదు.

ఉడికాక అందరికీ ఆకు దొన్నెల్లో పంచారు. నాయనమ్మ అందరికన్నా వెనక, దేవత రాళ్ళ చుట్టూ కట్టిన దడి పక్కన కూర్చుని తన దొన్నె అందుకుంది. చిన్న నాయనమ్మ దగ్గరకు పోయి, ఏడుపు ముఖంతో, "ఎట్లున్నదక్కా?" అని అడిగింది.

"ఉప్పు తక్కువేసినవే. వచ్చే ఏడు సూసి వెయ్యి" అంది మా నాయనమ్మ.

నేను నా దొన్నె పక్కన పెట్టేశాను. ఆకలి లేదని మా అమ్మకు చెప్పాను. క్లిప్పు తీసి వాగులో పారేశాను అని రాస్తే బాగుంటుంది గానీ, పారెయ్యలేదు. విరిగిపోయేదాకా పెట్టుకున్నాను.

చాలా రోజులకు నా బుర్రకు ఒక సంగతి తట్టింది. మా నాయనమ్మ దేవత ముందు అబద్ధమాడే మనిషి కాదు. నన్ను కాపాడ్డానికైనా సరే, అక్కడ ఆడదు. అంటే ఎరుకుండే తిన్నానన్నది నిజం. ఉమ్మేసిన గంటకు నా నోట్లో చిన్నదాని దడి మీది గింజ వాసన పట్టిన మనిషికి, కుర్మాలో గింజ తెలియలేదని నేను ఎలా అనుకున్నాను? మొదటి ముద్దలోనే తెలిసింది. అప్పుడే ఆమె దవడ ఆగింది. గింజ తెలిసినప్పుడే, పక్కన కూర్చున్న మనుమరాలు అబద్ధం చెప్పిందనీ తెలిసింది.

ఆ తర్వాత ఆమె తొమ్మిదేళ్ళు బతికింది. మంచం పట్టేలోపు ఎనిమిది కొత్తలు దడి పక్కన కూర్చుని చూసింది. ప్రతి ఏడూ ఈసారి లేచి చెప్తాననుకునేదాన్ని. ప్రతి ఏడూ పెద్దయ్య అడిగేవాడు, నేను నేలమీద పుల్లతో గీతలు గీసేదాన్ని.

ఆఖరి చలికాలంలో ఆమె మంచం పట్టింది. నేను అప్పటికి టీచరు ట్రైనింగులో ఉన్నాను. కొత్త రేపనగా వచ్చి, ఎండలో ఆమె మంచం పక్కన కూర్చుని తల దువ్వుతూ అడిగాను.

"ఆ రోజు పట్నంల నీకు తెలిసింది గదా. మరెందుకు తిన్నవ్?"

ఆమె కళ్ళు తెరవలేదు. "అప్పటికే నన్ను సూసి సిగ్గుపడుతున్నవ్. ఉమ్మేస్తే ఇంకింత సిగ్గయితది గదా నీకు. పిల్లవు. ఎట్ల ఉమ్మెయ్యాలె?"

దువ్వెన పక్కన పెట్టి, "రేపు కొత్తల చెప్త నాయనమ్మా. నేనే లేదన్ననని అందరికి చెప్త. నీ తప్పు పోతది" అన్నాను.

"వద్దు. పెండ్లి గావలసిన పిల్లవు, నలుగుట్ల నిలబడితే నీ పేరు పోతది. నాది ఎట్లనో పోయే చెయ్యి. ఊకో" అంది.

ఊరుకున్నాను. మర్నాడు పెద్దయ్య అడిగినప్పుడు కూడా ఊరుకున్నాను. వేసవి రాకముందే ఆమె పోయింది. ఆమె వద్దన్నది కాబట్టి చెప్పలేదని చాలా ఏళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఈ వయసులో అబద్ధం ఎందుకు? ఆమె వద్దంటుందని తెలిసే అడిగాను. వద్దనాలని మనసులో కోరుకుంటూ అడిగాను.

ఇప్పుడు నేను ఉంటున్న ఊళ్ళో చిక్కుళ్ళకు కాలం లేదు, కట్టు లేదు. అయినా గూడెం నుంచి తమ్ముడు ఫోన్ చేసి కొత్త అయిందని చెప్పేదాకా మా ఇంట్లోకి చిక్కుడుకాయ రాదు. ఇరుగుపొరుగు దాన్ని భక్తి అనుకుంటారు. మొన్న సంత నుంచి వస్తూ మా అమ్మాయి అడిగింది.

"ఇక్కడ మనల్ని ఎవరు చూస్తారమ్మా? తింటే ఎవరికి తెలుస్తుంది?"

సంచి రెండో చేతికి మార్చుకుని నడిచాను. తమ్ముడు నిన్న ఫోన్ చేశాడు, కొత్త వచ్చే గురువారమట. ఈసారి పిల్లను తీసుకుని పోతున్నాను. పెద్దయ్య కొడుకు అడుగుతాడు, ఎవరన్నా ముట్టారా అని. దడి పక్కన ఎవరూ ఉండరు. ఇది చదివాక, నా పక్కన కూర్చున్న మా అమ్మాయి నేను లేస్తానో లేదో చూస్తూ ఉంటుంది.